గెనిమ మీద నిలబడిన ఓటు

1956 వేసవి. ఢిల్లీ నుంచి రెండు బృందాలు చైనాకు బయల్దేరాయి. ఒకదానికి పెద్ద ఎం.వి.కృష్ణప్ప. కేంద్రంలో ఆహార, వ్యవసాయ శాఖ ఉపమంత్రి, కోలారు జిల్లా మనిషి. మన చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో బస్సెక్కి మొగిలి ఘాటు దాటితే పలమనేరు, ఆపైన నంగిలి దగ్గర సరిహద్దు, అది దాటితే ఆయన సీమ. సరిహద్దుకు ఈ పక్కా ఆ పక్కా అవే రాగులు, అవే చెనిక్కాయలు, వానలు మొహం చాటేస్తే నెర్రెలు విచ్చే అవే చెరువులు. ఆయన చైనాలో ఏం చూడ్డానికి పోయాడో మన పక్క రైతుకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అంతమంది జనం, మనిషికి వచ్చేది అంత తక్కువ నేల. మరి వాళ్ళెట్లా తింటున్నారు?

రెండో బృందం ఆర్.కె.పాటిల్‌ది. వాళ్ళ ప్రశ్న ఇంకా సూటిది. చైనాలో పొలాలన్నీ కలిపి ఉమ్మడి సేద్యం చేయిస్తున్నారట. అది నిజంగా నడుస్తోందా? మన దగ్గర నడుస్తుందా?

వాళ్ళు చూపించినవి చూశారు, అడిగినవి రాసుకున్నారు. అప్పటికి చైనా పల్లెల్లో పెద్ద ఎత్తున ఆకలి చావులు మొదలు కాలేదు. కాబట్టి ఆ బృందాలను అమాయకులని ఈరోజు వెక్కిరించడం సులువే గానీ న్యాయం కాదు. గట్లు, మన మాటలో గెనిమలు, లేని పెద్ద చేలు, వందలమంది కలిసి తవ్వుతున్న కాలవలు వాళ్ళకు కనిపించాయి. పాటిల్ బృందం నివేదిక 1957లో అచ్చయింది. మన దేశంలోనూ సహకార సేద్యం రావాల్సిందే అన్నది దాని సారాంశం. ఇద్దరు సభ్యులు మాత్రం ఒప్పుకోక వేరుగా అసమ్మతి రాసిచ్చారు. నివేదికను చదివినవాళ్ళు చాలామంది. అసమ్మతి పుటలదాకా ఓపిగ్గా వెళ్ళినవాళ్ళు కొద్దిమందే అయివుంటారు.

ఆ నివేదికలోని ఆలోచన బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల రచ్చబండ దాకా నడిచొచ్చి, 1962లో ఓటు చీటీ మీద నక్షత్రం గుర్తుగా తేలింది. మధ్యలో ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఎనభై ఏళ్ళు వెనక్కి పోవాలి. ఆకలి గురించి ఈ నేలకు ఢిల్లీ కంటే ముందే తెలుసు గనక.

*

ధాత నామ సంవత్సరం, అంటే 1876. నైరుతి సరిగ్గా పడలేదు. ఈశాన్యం అసలు రాలేదు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేది లేదు. చిత్తూరు పట్నం ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానం. బంగారుపాళ్యం ఒకనాటి చిత్తూరు పాళేగాళ్ళ పాళేల్లో ఒకటి.

మొగిలి కనుమ దారిని ఆ ఏడాది చలికాలంలో ఊహించుకుందాం. పైన మైసూరు సీమలోనూ ఇదే కరువు. అక్కడి జనాభాలో దాదాపు అయిదోవంతు తుడిచిపెట్టుకు పోయిన కరువు. పశువులు ముందే పోయాయి. తోలు అమ్ముకున్న డబ్బులు పదిరోజులు కూడా రాలేదు. ఇంట్లో ఇత్తడి పోయింది, దూలాలు పోయాయి, చివరికి విత్తనం గింజలు కూడా పోయాయి. కలబంద దుంపలు తవ్వుకుని, నాగజెముడు పండ్లు దులుపుకుని, చింతగింజలు వేయించి దంచుకుని నడుస్తున్నారు. తూర్పున ఎక్కడో పట్నం ఉంది, సముద్రం ఉంది, ఓడల్లో బియ్యం దిగుతున్నాయని విన్నారు.

విన్నది అబద్ధం కాదు. బియ్యం దిగాయి. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు తన బాధ్యత మీద 30,000 టన్నుల ధాన్యం కొనిపించాడు. వైస్రాయి లిట్టన్‌కు అది నచ్చలేదు. సర్కారు ధాన్యం కొంటే వర్తకులు భయపడి తప్పుకుంటారని, అంగడిని దాని మానాన వదిలేస్తే ధరే ధాన్యాన్ని ఆకలున్న చోటికి లాక్కొస్తుందని ఆ దొరల సిద్ధాంతం. ధర లాక్కొచ్చింది కూడా. కొనేవాడి చేతిలోనే డబ్బుల్లేవు.

1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు. విక్టోరియాను హిందూదేశ చక్రవర్తినిగా చాటిన ఆ వైభవం ముగుస్తుండగానే సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపారు. ఖర్చు తగ్గించమని ఆయనకిచ్చిన ఆజ్ఞ. ఈ టెంపుల్ కథ కొంచెం ఆగి చెప్పుకోవాలి. మూడేళ్ళ ముందు, 1874లో బీహారు కరువు వచ్చినప్పుడు ఇదే మనిషి బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించి పంచాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా చేశాడు. అందుకు ఆయనకు దక్కిన బహుమానం దుబారా మనిషి అనే నింద. లండన్ పత్రికలు ఏకిపెట్టాయి. ఆ నింద కడుక్కోవడానికి ఆయనకు దొరికిన అవకాశం మన కరువు. నా మటుకు నాకు ఈ చరిత్ర మొత్తంలో ఇంతకంటే భయంకరమైన సంగతి ఇంకొకటి కనిపించదు. మనుషుల్ని బతికించడం తెలిసినవాడే, చేతిలో ఆ విద్య పెట్టుకుని, బతికించినందుకు తిట్లు తిన్నవాడై, ఈసారి పొదుపు చూపించాడు.

సహాయ పనుల్లో మట్టి మోసే మగ మనిషికి రోజు కూలి ఒక పౌను ధాన్యం ఖరీదు, పైన కొద్దిపాటి రొక్కం. పౌను అంటే 450 గ్రాముల చిల్లర. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా చెరువు కట్టకు మట్టి మోసినవాడికి అంతే. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ అనే వైద్యుడు దీనిమీద పోరాటానికి దిగాడు. జైల్లో ఖైదీకి ఇచ్చే తిండి కంటే ఇది తక్కువని లెక్కలు తీసి చూపించాడు. పని చేసే దేహానికి ఎంత కావాలో వైద్యుడిగా వాదించాడు. టెంపుల్ ఖజానా వైపు నుంచి జవాబిచ్చాడు. ఆ కాగితాల యుద్ధం నెలల తరబడి నడిచింది. మే నెలకల్లా మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. ఆ నెలలన్నీ జనం ఒక పౌను మీదే మట్టి మోశారు.

1871 జనాభా లెక్కల్లో ఉత్తర ఆర్కాటులో సుమారు 20 లక్షలమంది. పదేళ్ళ తర్వాత, పెరగాల్సిన లెక్క సుమారు 18 లక్షలకు దిగింది. బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతాల్లో మొత్తం చావులు 50 లక్షలకు పైమాటే. ఆ రెండేళ్ళూ దేశం నుంచి గోధుమల ఎగుమతి ఆగలేదు.

1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, ఆ తర్వాత కరువు నిబంధనావళి వచ్చింది, పాకాల మీదుగా ధర్మవరం దాకా రైలు పట్టా వచ్చింది. ఇవన్నీ మంచివే. చచ్చినవాళ్ళ లెక్కలోనుంచి వచ్చిన మంచి.

ధాత కరువులో పొలాలు కలపలేదు, గాదెలు జప్తు చేయలేదు. సర్కారు చేసిందల్లా చేతులు కట్టుకుని నిలబడటం, చెయ్యి చాపినప్పుడు దోసిలి చిన్నది చేయడం. రాజ్యం అడ్డురాకపోతే అంతా బాగుంటుందని తర్వాత రోజుల్లో చెప్పినవాళ్ళు ఈ పుటను తిప్పేసి చదివారు. వాళ్ళలో, ముందు రాబోయే మన కథానాయకుడు ఎన్.జి.రంగా పార్టీవాళ్ళు కూడా ఉన్నారు.

*

రెండో పాఠం రెండో ప్రపంచ యుద్ధంతో వచ్చింది. ఈసారి సర్కారు చేతులు కట్టుకోలేదు, గాదెలో పెట్టింది. పట్నాల్లో రేషన్, పల్లెల్లో లెవీ. ఎన్ని ఎకరాలు, ఎంత పంట, ఇంటికెంత ఉంచుకోవాలి, మిగతాది నిర్ణయించిన ధరకు సర్కారుకు తోలాలి. లెక్క వేసేది కరణం, దగ్గరుండి కొలిపించేది మునసబు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ కంట్రోళ్ళు పూర్తిగా పోలేదు. పైగా 1950 ప్రాంతం నుంచి రాయలసీమలో వరసగా వానలు ఎగ్గొట్టాయి. 1952 నాటికి ఊళ్ళల్లో గంజి కేంద్రాలు వెలిశాయి. సైన్యం వచ్చి బావులు లోతు చేసింది.

ఆ ఏడాది తొలి ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్‌కు సొంతంగా మెజారిటీ రాలేదు. ఏప్రిల్‌లో రాజాజీ ముఖ్యమంత్రి అయ్యాడు. జూన్‌లో ధాన్యం మీద కంట్రోళ్ళు ఎత్తేశాడు. అధికారులు వద్దన్నారు, పట్నంలో గగ్గోలు లేస్తుందన్నారు. అట్లాంటిదేమీ జరగలేదు. దాచిన ధాన్యం బయటికొచ్చింది. అటు గంజి కేంద్రాలు తెరిచే ఉన్నాయి. ఈ రెండూ ఒకేసారి జరిగాయన్నది మరిచిపోకూడదు. అంగడిని వదిలారు, ఆకలున్నవాణ్ణి వదల్లేదు. 1952లో రాయలసీమ బక్కచిక్కింది గానీ 1877లా పీనుగుల దిబ్బ కాలేదు. అప్పటికి అయిదు నెలల ముందే ఓట్లు వేసిన జనం వాళ్ళు. ఏ మంత్రి ఎన్నాళ్ళు కుర్చీలో ఉంటాడో చెప్పగలిగిన జనం.

*

1959 జనవరి, నాగపూర్. కాంగ్రెస్ మహాసభ. భవిష్యత్తులో దేశ వ్యవసాయం సహకార ఉమ్మడి సేద్యంగా ఉండాలని తీర్మానం చేశారు. రైతులు పొలాలు కలపాలి. హక్కు పత్రం ఎవరిది వాళ్ళకే ఉంటుంది, పంటలో వాటా భూమిని బట్టి వస్తుంది, పని చేసినవాళ్ళకు పనిని బట్టి వస్తుంది. ముందు మెట్టుగా మూడేళ్ళలో దేశమంతా సేవా సహకార సంఘాలు. ఏడాది చివరికల్లా భూపరిమితి చట్టాలు. ధాన్యం వ్యాపారం రాజ్యమే చేయాలన్నది మరో అంశం. బలవంతం ఉండదని నెహ్రూ పదేపదే చెప్పాడు. ఆయన మాట మీద అనుమానం అక్కర్లేదు. ఆయన తర్వాత మునసబు దాకా ఆ మాట అట్లాగే దిగుతుందా అన్నదే అనుమానం.

వేదిక మీదనుంచే ఎదురు మాట్లాడినవాడు ఉత్తరప్రదేశ్ చరణ్ సింగ్. పార్టీలోనే ఉండి పోరాడాడు. బయటికి నడిచినవాడు మన గోగినేని రంగనాయకులు. అందరికీ తెలిసిన పేరు ఎన్.జి.రంగా. గుంటూరు జిల్లా నిడుబ్రోలు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివొచ్చి, దొరల ఉద్యోగాల దారి పట్టకుండా రైతు సంఘాల్లో పడ్డాడు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పెట్టినప్పుడు సహజానంద సరస్వతి అధ్యక్షుడైతే రంగా ప్రధాన కార్యదర్శి. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపి కార్యకర్తలను తయారు చేశాడు. 1957లో తెనాలి నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు వెళ్ళాడు. నాగపూర్ నాటికి కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి. ఆ పదవి వదిలేశాడు, పార్టీనీ వదిలేశాడు.

ఆయన వాదన మొదట్నుంచీ ఒకటే. చిన్న రైతు ఎంత బీదవాడైనా తన చేలో తానే యజమాని, తానే కూలి. ఎప్పుడు దున్నాలో, ఏం చల్లాలో వాడు నిర్ణయించుకుంటాడు. ఆ చేను కలిపేస్తే వాడు జీతగాడవుతాడు, గుమాస్తా జమీందారవుతాడు. సహకారం కావాలి. అప్పుకు, ఎరువుకు, అమ్మకానికి కావాలి. దుక్కికి వద్దు.

ఆ వాదనకు వెనక రష్యా ఉంది. 1929 నుంచి అక్కడ పొలాలు కలిపారు. ఒప్పుకోని వాళ్ళకు కులక్ అనే ముద్ర వేసి లక్షల కుటుంబాలను ఊళ్ళు వెళ్ళగొట్టారు. 1932 ఆగస్టు 7న చట్టం వచ్చింది. ఉమ్మడి చేలో గింజ తీస్తే రాజ్యపు ఆస్తి దొంగతనం, మరణశిక్ష లేదా పదేళ్ళు జైలు. కోత అయిన చేలో పరిగె ఏరుకున్న వాళ్ళు కూడా దాని కిందికే వచ్చారు. మన దగ్గర పరిగె ఏరుకోవడం బీదల హక్కు, చేను గల ఆసామి చూసీ చూడనట్టు పోతాడు. అక్కడ దానికి కావలి పెట్టారు. 1933 జనవరిలో ఉక్రెయిన్ రైతులు ఊరు దాటి పోకుండా దారులు మూసేశారు. ఒక్క ఉక్రెయిన్‌లోనే 35 లక్షలకు పైగా చనిపోయారు, కజకిస్తాన్‌లో మరో 15 లక్షల దాకా. ఆ ఏళ్ళలోనూ ఓడలకు ధాన్యం ఎక్కించారు. లిట్టన్ సిద్ధాంతం ఒకటి, స్టాలిన్ సిద్ధాంతం దానికి పూర్తిగా తలకిందులు. రేవు దగ్గరికొచ్చేసరికి రెండింటిలోనూ ఓడ బయటికే కదిలింది.

1959 జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ పుట్టింది. పెట్టినవాళ్ళు రాజాజీ, రంగా, మినూ మసానీ, కె.ఎం.మున్షీ. కంట్రోళ్ళు ఎత్తేసిన రాజాజీ ఇప్పుడు ఎనభయ్యో పడిలో కొత్త పార్టీకి పెద్ద దిక్కు. అధ్యక్షుడు రంగా. పార్టీలో రాజులున్నారు, మిల్లు యజమానులున్నారు, వాళ్ళ మధ్య చిన్న రైతు పేరు జపించే రంగా ఉన్నాడు. ఆ పొత్తు చూసి నవ్వినవాళ్ళు తక్కువమంది కాదు. నవ్వులో పస లేకపోలేదు.

*

ఇటు మనవాళ్ళు తీర్మానాల మీద వాదులాడుకుంటూ ఉండగా, అటు బృందాలు చూసొచ్చిన చైనాలో ఏమైందో ప్రపంచానికి తెలియలేదు.

1958 ఆగస్టులో కమ్యూన్లు. ఏడాది తిరక్కుండానే ఏడు లక్షలకు పైగా ఉన్న సహకార సంఘాలను 26,000 చిల్లర కమ్యూన్లుగా కుదించారు. ఇంట్లో పొయ్యి ఆర్పేశారు. కుండలు, చట్టీలు, ఇనుప సామాన్లు పెరటి కొలిమిలో కరిగించారు. అందరికీ ఉమ్మడి వంటశాలలోనే తిండి. పంట ఎంత పండిందో పైకి పంపే లెక్కల్లో పోటీ పడ్డారు. ఒక ఊరు ఒకటంటే పక్క ఊరు రెండంది. 1958 పంట 37.5 కోట్ల టన్నులని ప్రకటించారు. నిజంగా పండింది 20 కోట్ల టన్నుల ప్రాంతం. లేని పంట మీద లెవీ వేశారు. అది తీర్చడానికి తిండిగింజలు, విత్తనాలు తోలుకుపోయారు. తక్కువిచ్చిన రైతు దాచిపెట్టాడన్న నేరం మీద దెబ్బలు తిన్నాడు.

హెనాన్ రాష్ట్రంలో షిన్‌యాంగ్ అనే ప్రాంతం. దేశంలోకెల్లా మొదటి కమ్యూన్ వెలిసింది అక్కడే. అతి ఘోరంగా దెబ్బతిన్నదీ అక్కడే. 80 లక్షల జనంలో దాదాపు 10 లక్షలు పోయారు. ఆకలి గురించి బంధువులకు రాసిన ఉత్తరాలను తపాలా కచేరీలోనే ఆపేశారు. బాటల మీద కాపలా పెట్టారు. మొగిలి కనుమ దిగినవాళ్ళకు కనీసం నడవడానికి దారి ఉండింది.

1959లో హుబే రాష్ట్రంలో యాంగ్ జీషెంగ్ అనే హైస్కూలు కుర్రవాడికి ఇంటినుంచి కబురొచ్చింది, నాయన ఆకలితో పడిపోయాడని. కుర్రవాడు స్కూల్లో తన వాటా బియ్యం పట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. నాయన మింగలేని స్థితికి వచ్చేశాడు. మూడురోజులకు పోయాడు. ఆ కుర్రవాడు దీన్ని తన ఇంటి దురదృష్టమనుకున్నాడు. మళ్ళీ స్కూలుకు పోయి ప్రభుత్వం సాధించిన విజయాల గురించి రాసే పని చేశాడు. పెద్దయ్యాక షిన్హువా వార్తాసంస్థలో విలేకరి అయ్యి, ఆ హోదాతో రాష్ట్రాల దస్త్రాలు తెరిపించి చూస్తే, చనిపోయినవాళ్ళు 3 కోట్ల 60 లక్షలని ఆయన లెక్క తేలింది. వేరే పరిశోధకుల అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. ఏ లెక్క తీసుకున్నా మనకు తెలిసిన చరిత్రలో అంత పెద్ద కరువు లేదు. 1959లో కూడా చైనా నుంచి 40 లక్షల టన్నులకు పైగా ధాన్యం ఎగుమతైంది.

*

1962 సార్వత్రిక ఎన్నికల్లో చిత్తూరు లోక్‌సభ స్థానం మాడభూషి అనంతశయనం అయ్యంగార్‌ది. తిరుచానూరు మనిషి, అప్పటి లోక్‌సభ స్పీకర్. ఆ ఏడాదే ఆయన్ను బీహారు గవర్నరుగా పంపడంతో చోటు ఖాళీ అయింది. ఉప ఎన్నికకు స్వతంత్ర పార్టీ అధ్యక్షుడు రంగాయే, పార్టీ నక్షత్రం గుర్తు మీద దిగాడు.

ఆ రోజుల్లో పాళ్యం పక్కన ఏదో ఒక పల్లెలో, దీపాలు పెట్టే వేళ జరిగివుండే మాటల్ని నేను ఊహించి రాస్తున్నాను. మనుషులు కల్పితం. వాళ్ళు మాట్లాడుకునే సంగతులు ఆ తరంవి.

“ఏం నాయుడా, గెనిమలన్నీ చెరిపేస్తారంట గదా?”

“ఆ చెరిపేస్తారు. చెరిపినాక నీ సేను యాడుండాదో నీకే తెలీదు.”

“నాకు సేనుంటే గదా సామీ తెలిసేదానికి!”

అందరూ నవ్వినారు. నవ్విన తర్వాత ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. కోరుకు, అంటే పంటలో వాటాకు, ఒకరి చేను చేసుకునే మనిషి అడిగిన మాట అది.

“నిజమే చెప్పినావురా,” అన్నాడు గట్టున కూర్చున్న ముసలాయన. “నీకు రెండెకరాలు ఇస్తామంటే నేనూ చెయ్యెత్తుతా. వాళ్ళు ఇచ్చేది అది కాదే. నిన్నూ నన్నూ ఒకే కాడికి కట్టి, మేడి ఇంకొకడు పట్టుకుంటాడంట.”

“ఎవురు పట్టుకుంటారు?”

“ఇంకెవురు? లెవీ అప్పుడు గాదె మూత తీసి చూసినోళ్ళే. మా అవ్వ మంచం కింద రాగులు పెట్టుకోనుంటే అవి కూడా కొలిసినారు.”

“గంజి పోసినోళ్ళు కూడా వాళ్ళే గదా తాతా. ఆ పొద్దు ఆ గంజి లేకుంటే మా అమ్మ బతికేదా?”

ముసలాయన చాలాసేపు పలకలేదు. “పోసినారు,” అన్నాడు. “దొరలప్పుడూ పోసినారంట, చాలీచాలకుండా. కొలత వాళ్ళది, కడుపు మంది. ఆ కొలిసేవాణ్ణి మార్చేదానికి మనకు చీటీ ఉండాది. అది మాత్రం కలిపేసుకోకుండా చూసుకో.”

చిత్తూరు రంగాను గెలిపించింది. ఇది ఉమ్మడి సేద్యం మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ అని చెప్పబోను. ఓటు ఒక్క కారణంతో పడదు. కులం ఉంటుంది, ముఠా ఉంటుంది, ఊళ్ళో పెద్దరికం ఎవరిదనే లెక్క ఉంటుంది. ఆ ఎన్నికల ఏడాదే రాష్ట్ర శాసనసభలో స్వతంత్ర పార్టీకి 19 స్థానాలొచ్చాయి. గెలిచినవాళ్ళంతా చిన్న రైతులు కారు. అయినా, ఉమ్మడి సేద్యాన్ని ఎదిరించడమే తన జెండా చేసుకున్న మనిషిని, ఊరు కాని ఊరినుంచి వస్తే, అధికార పార్టీ సీటులో కూర్చోబెట్టడం చిన్న సంగతి కాదు. షిన్‌యాంగ్ రైతుకు ఆ వీలు లేదు. ఆ కమ్యూన్‌లోనే, ఆ గిన్నెతోనే, ఆ వరసలోనే నిలబడాలి.

అదే ఏడాది అక్టోబరు 20న చైనా సైన్యం సరిహద్దు దాటింది. ఆ తర్వాత ఢిల్లీలో సహకార సేద్యానికి చైనాను ఉదాహరణగా చూపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూడో ప్రణాళికలో 320 ప్రయోగాత్మక కేంద్రాలు పెట్టి, ఒక్కోదాని కింద పదేసి ఉమ్మడి సేద్య సంఘాలు నడపాలనుకున్నారు. 1965లో డి.ఆర్.గాడ్గిల్ కమిటీ వాటిని చూసొచ్చి చెప్పింది, చాలా సంఘాలు ఒకే కుటుంబపు చుట్టాలు కలిసి భూపరిమితి తప్పించుకోవడానికో, సర్కారు సొమ్ము రాబట్టుకోవడానికో పెట్టుకున్నవని. చైనాలో పార్టీకి భయపడి అబద్ధపు లెక్కలు రాశారు. మన దగ్గర భయం లేకుండానే రాశారు. ఇక్కడ దానికి ఖజానా డబ్బు పోయింది, ప్రాణాలు పోలేదు.

చిత్తూరు సభ్యుడిగా రంగా చేసిన పెద్ద పోరు 17వ రాజ్యాంగ సవరణ మీద. భూసంస్కరణ చట్టాలను కోర్టులు కొట్టేయకుండా కాపాడటం దాని ఉద్దేశం. అందుకోసం ‘ఎస్టేటు’ అనే మాట పరిధిలోకి రైతువారీ భూములను కూడా చేర్చారు. జమీందారుకు ఉద్దేశించిన కత్తి రెండెకరాల రైతు మెడ మీదకొస్తుందని, రేపు పొలాలు కలపాలంటే ఇదే సాధనమవుతుందని స్వతంత్ర పార్టీ వాదన. 1964 ఏప్రిల్‌లో బిల్లు ఓటుకొచ్చింది. అవునన్నవాళ్ళు చాలా ఎక్కువ, కాదన్నవాళ్ళు కొద్దిమంది. అయినా సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి రావలసిన సంఖ్య రాలేదు. బిల్లు పడిపోయింది. అధికార పక్షం సభ్యులే సరిపడా హాజరు లేరు. మళ్ళీ తెచ్చారు. మే 27న నెహ్రూ పోయాడు. జూన్‌లో బిల్లు నెగ్గింది.

నెగ్గిన సవరణలో ఒక నిబంధన చేరింది. రైతు సొంతంగా సేద్యం చేసుకుంటున్న భూమి, చట్టం చెప్పిన గరిష్ఠ పరిమితికి లోపల ఉంటే, దాన్ని మార్కెట్ ధరకు తక్కువ కాని పరిహారం ఇవ్వకుండా రాజ్యం తీసుకోకూడదు. జమీందారుకు లేని రక్షణ అది. పాఠ్యపుస్తకాల్లో ఎవరూ దీన్ని కథగా చెప్పరు. రంగా అడిగినంత ఆయనకు దక్కలేదు, నాగపూర్‌లో కోరినంత వాళ్ళకూ దక్కలేదు.

1967లో చిత్తూరు ఆయన్ను ఓడించి కాంగ్రెస్ అభ్యర్థి ఎన్.పి.చెంగల్రాయ నాయుడిని పంపింది. రంగా శ్రీకాకుళం ఉప ఎన్నికలో గెలిచి మళ్ళీ సభకొచ్చాడు, కొన్నేళ్ళకు తిరిగి కాంగ్రెస్‌లోనే చేరాడు. స్వతంత్ర పార్టీ 1974లో నాగపూర్‌లో ఎదురుతిరిగిన చరణ్ సింగ్ పార్టీలో కలిసిపోయింది. చైనా 1980ల మొదట్లో కమ్యూన్లు రద్దు చేసి పొలాలు ఇంటింటికీ పంచి ఇచ్చింది.

కోరుకు చేసిన మనిషి అడిగిన మాటకు మాత్రం రంగా దగ్గరా జవాబు లేదు, నాగపూర్ తీర్మానం దగ్గరా లేదు. భూపరిమితి చట్టం 1961లో వచ్చి, 1973లో మళ్ళీ వచ్చి, ఊరి పెద్దల కాగితాల మధ్య దారి తప్పింది. ఈనాడు పాళ్యం చుట్టూ గెనిమలకు లోపలున్నవి ఎక్కువగా మామిడి తోటలు. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 4 రూపాయలు ప్రభుత్వం భరిస్తుందని నిర్ణయించారు. ఆ నాలుగు రూపాయలు తోట ఎవరి పేర ఉందో వాళ్ళ లెక్క. మామిడికాయ కోసి, బుట్ట మోసి, లారీ నింపినవాళ్ళకు కూలి వేరే లెక్క. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా ఈ మండలం మీదుగానే వెళ్తోంది, బైరెడ్డిపల్లె నుంచి బంగారుపాళ్యం వరకు ఒక భాగం, ఇక్కడినుంచి గుడిపాల వరకు ఇంకో భాగం. ఎకరాకు ఇంత అని పరిహారం కట్టేటప్పుడు అక్కడా అడిగేది పట్టా పాసు పుస్తకమే.